బరువు దిండు

కిటికీ కమ్మికి ఎర్ర రబ్బరు పట్టీ కట్టి, రెండో కొసను కుడిచేత్తో మెల్లగా పక్కకు లాగుతోంది మా షాహీనా.

కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. చెయ్యి మాత్రం ఆగలేదు.

గుమ్మంలో పరుపు కుడుతున్న మా ఆయన సూది వేలికి గుచ్చుకున్నాడు.

"ఆపు మే! చూడలేకపోతుండా."

"కొంచెం నొప్పి ఉండొచ్చంట నాయనా. తెల్లారేసరికి తగ్గిపోతే చాలంట. ఫిజియో మేడమ్ చెప్పినారు."

"ఆ మేడమ్ కన్న బిడ్డయితే తెలిసేది!"

మా పిల్ల ఆర్మీలో హవల్దారు, సెలవు మీద ఇంటికొచ్చింది. ఈటె విసురుతుంది. విసిరి విసిరి భుజంలో, కండను ఎముకకు పట్టి ఉంచే తాడులాంటిది దెబ్బతిన్నదట. కసరత్తు తప్ప వేరే మందు లేదన్నారు.

వచ్చే నెల పోటీలో ఈటె విసరలేకపోతే జట్టులో చోటు పోతుంది. అల్లూరు పొలాల్లో వెదురుకర్ర విసురుకుంటూ పెరిగిన పిల్ల. ఆ చోటు పోతే తట్టుకోలేదు.

మా ఆయన హజరత్తయ్యది తాతల నాటి నుంచీ దూదేకే ఇల్లు. ఆయనకు తెలిసిన వైద్యం మెత్తదనం ఒక్కటే. నాకు మెడ పట్టేస్తే దిండు. కాన్పుకు పోతే దిండు. నేను అలిగి పడుకున్నా, తల కింద కొత్త దిండు పెట్టి చప్పుడు చెయ్యకుండా పోయేవాడు. బతిమాలడం రాదు మహానుభావుడికి.

ఇప్పుడూ అంతే. బూరుగు దూదితో బుల్లి దిండొకటి కుట్టాడు.

"దీనిమీద చెయ్యి పెట్టుకుని కదలకుండా కూర్చో బంగారూ."

పిల్ల దాన్ని ముద్దుపెట్టుకుంది. మర్నాడు చూస్తే, మోచేతికీ డొక్కకీ మధ్య ఆ దిండు ఇరికించుకుని మళ్లీ రబ్బరు లాగుతోంది.

"భలే పట్టింది నాయనా! తువ్వాలు చుట్టి పెట్టుకోమన్నారు. అదేమో జారిపోతా ఉండాది."

నాకు నవ్వాగలేదు. ఆయన మొహం మాడిపోయింది.

మధ్యాహ్నానికి రబ్బరు పట్టీ మాయం.

ఇల్లంతా వెతికాం. ఆయన తల వంచుకుని కుడుతూనే ఉన్నాడు. చివరికి నేనే గట్టిగా అడిగాను.

"బోగోలు పోయే పరుపు చుట్టకు కట్టి పంపించేసినా," అన్నాడు.

షాహీనా అరవలేదు. ఆయన పక్కన చతికిలబడింది.

"నాయనా, ఈ చేతిని మెత్తగా చూసుకుంటే ఇంకా చెడిపోతుంది. రోజురోజుకీ కొంచెం బరువు మోయిస్తేనే గట్టిపడేది. నొప్పికి నాకు భయం లేదు. ఇంక విసరలేనేమోననే భయం."

ఆయన లేచాడు. సూది గుడ్డకు గుచ్చి, సైకిలేసుకుని ఇసకపల్లి దారి పట్టాడు.

అలిగాడనుకున్నాను. అలిగితే దిండు పెట్టడం నాకు చేతకాదు. చేపల పులుసు పొయ్యి మీద పెట్టాను.

పొద్దు వాలేవేళకు సైకిలు వెనక గోనెసంచితో వచ్చాడు. సముద్రపు ఇసుక. వాకిట్లో జల్లించాడు. పెనంలో వేయించి తడి ఆర్చాడు. పరుపుల గళ్లగుడ్డ రెండు పొరలు వేసి, పట్టుకోను పిడి పెట్టి సంచీ కుట్టాడు. దూది తప్ప ఇంకొకటి నింపి ఎరగని చేతులు, దోసిలి దోసిలిగా ఇసుక పోశాయి.

కిటికీ కమ్మికి పాత సైకిలు ట్యూబు ముక్క కట్టాడు.

"మూతి కుట్టలేదు మే, దారం బిగించినా. పైవారానికి ఇంకొంచెం పోస్తా."

షాహీనా కళ్లు తుడుచుకుని సంచీ అందుకుంది. భుజం ఎత్తుకు లేపింది. పళ్లు బిగబట్టి దించడం మొదలుపెట్టింది.

ఆయన ఈసారి ఆపమనలేదు.

"మెల్లిగా... మెల్లిగా దించు."

ఆయన అరచెయ్యి మాత్రం సంచీ కిందే ఉంది. తాకకుండా, దానితో పాటే దిగింది.