పెళ్లి ఫోటోలో అడ్డమొచ్చిన మనిషి

“ఈయనెవరో అడ్డమొచ్చినాడు పెదనాయనా. తీసేయొచ్చా?” అంది పక్కింటి రూబీ.

నిత్యానందం కళ్లజోడు సర్దుకుని కంప్యూటర్ తెర దగ్గరికి వంగాడు.

రూబీ అమ్మానాన్నల పెళ్లి ఫోటో. కొమరోలు చర్చి ముందు తీసింది. పెళ్లికొడుకు భుజం వెనకనుంచి ఎవరో నవ్వుతూ తొంగిచూస్తున్నాడు.

“తీసేయడమెంత పని.”

రైల్వేలో ఉండగా సరదాగా నేర్చుకున్న ఫోటో ఎడిటింగ్ అది. డ్యూటీల గొడవలో వదిలేశాడు. రిటైరై గిద్దలూరులో ఇల్లు తీసుకున్నాక మళ్లీ పట్టుకున్నాడు. ఇప్పుడు వీధిలో వాళ్ల పాత ఫోటోలన్నీ ఆయన దగ్గరికే వస్తున్నాయి.

“ముందు అన్నం తిని, తర్వాత తీద్దురు మనుషుల్ని,” అంది వంటింట్లోంచి భార్య వందన.

“అమ్మ ఈ మధ్య రోజూ అడుగుతాంది, దీన్ని పెద్దది చేయించమని. నాయన లేడు గదా, చూసుకోవాలనేమో. బాగ రావాల పెదనాయనా.”

“చూస్తుండు పాపా.”

ఫోటో అద్దానికి అతుక్కుపోయింది. అందుకే ముందే అద్దంతోనే స్కాన్ చేసిపెట్టుకున్నాడు. కొత్త ఫోటోకు ఆ ఫ్రేమే వాడదామని రూబీ పాతదాన్ని ఊడదీయబోతే, ముఖాలన్నీ అద్దం మీదికి పొరలుగా లేచిపోయాయి.

రూబీ ముఖం పాలిపోయింది.

“దిగులెందుకు? కంప్యూటర్లో ఉంది గదా.”

చాలా ఓపికగా కూర్చున్నాడు నిత్యానందం. ఆ మనిషి తల ఉన్నచోట చర్చి గోడ నింపాడు. పెళ్లికొడుకు నడుం దగ్గర వేళ్లు కనబడితే సూటు గుడ్డతో కప్పేశాడు. చేసిందల్లా పాత ఫైలు మీదే సేవ్ చేస్తూ పోయాడు.

ఫ్రేము కట్టించాక తనూ రూబీతో కొమరోలు బస్సెక్కాడు. అక్కడుండే రూబీ అమ్మ విజయమ్మ ముఖం చూడాలనిపించింది.

విజయమ్మ ఫోటోను ఒళ్లో పెట్టుకుంది. కొంగుతో అద్దం తుడిచింది. మళ్లీ తుడిచింది.

“వెనకున్నాయన ఏడి అన్నా?”

“అడ్డంగా ఉంటే తీసేసినానమ్మా. ఇప్పుడు మీరిద్దరే.”

“ఆ పొద్దు రూబీ నాయనకు చలిజరం. నిలబడలేకపోతే ఆయనే వెనకనుంచి పట్టుకున్నాడు.”

నిత్యానందానికి ఆ వేళ్లు గుర్తొచ్చాయి.

“మళ్లీ పెట్టొచ్చు గదా పెదనాయనా?” అంది రూబీ.

ఆయన తల అడ్డంగా ఊపాడు. “పాతది మిగల్చలేదు పాపా.”

ఆయన ముఖం చూసి విజయమ్మే సర్దిచెప్పింది. “పోనీలే అన్నా. నీ పుణ్యాన మా ఆయన ఎవురి ఆసరా లేకుండా నిలబడినాడు.”

ఎవరూ నవ్వలేదు.

“ఎవరమ్మా ఆయన? చుట్టమా?” అడిగింది రూబీ.

“ఈ ఫోటో తీసిన హజరత్ వలి అన్న. ఫోటో మిషనుకు టైమరు పెట్టి, ఉరికొచ్చి మీ నాయనను పట్టుకున్నాడు.”

విజయమ్మ మరోసారి అద్దం మీద చెయ్యి వేసింది.

“ఇంతమంది పెళ్లి ఫోటోలు తీసి, మొన్న కాలం చేసినాడు గాని, ఆయనది ఇంట్లో ఒక్క ఫోటో గూడా లేదని ఆయన భార్య జహరాబీ ఏడుస్తాంటే, ఆమెకిద్దామనే దీన్ని పెద్దది చేయించమన్నా.”