ఎత్తని ఫోన్లు

"పొట్ట చిన్నది చేసే ఆపరేషనై అయిదేళ్లయింది కదండీ, ఇప్పుడు బరువెంత?" ఆస్పత్రి గుమాస్తా ఫోన్లో అడిగింది.

"నూట పద్దెనిమిది కిలోలు. మళ్లీ మొదటికొచ్చింది," అంది అవతలి ఆవిడ. "దేశం మొత్తమ్మీద నూటికి తొంభైమంది తగ్గారని పేపర్లో వేశారు. అంటే లోపం నాలోనే ఉందా అమ్మా?"

గుమాస్తా ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల జాబితా చూసింది. సగం పేర్ల పక్కన 'మూడుసార్లు చేశాం, ఎత్తలేదు' అని ఉంది. ఎత్తనివాళ్లను ఏ ఆస్పత్రీ ఆ నూటికి తొంభై లెక్కలో కలపదు.

'మీరు చేసిన తప్పల్లా ఫోన్ ఎత్తడమే' అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, "రాసుకున్నానండీ," అని పెట్టేసింది.

తరువాతి పేరు తనదే.

చేతులున్న కుర్చీలో మళ్లీ పట్టక తెచ్చుకున్న స్టూలు మీద కాస్త సర్దుకుని, తన పేరు పక్కన కూడా రాసింది: 'మూడుసార్లు చేశాం, ఎత్తలేదు.'