ఆరో పిచ్చుక

"అయ్యో, నా మతి మండ! వీడి కాలు పట్టుకోలేకపోయానే!"

నింగ్యా ఒక చేత్తో బిడ్డని, ఇంకో చేత్తో సోయాసాస్ సీసాని పట్టుకుని నిలబడిపోయింది. సీసా క్షేమంగానే ఉంది. అందులోంచి ఎగిరిన చుక్క మాత్రం మామగారి బొమ్మ మీద పడి, బొటనవేలంత మరకై, తీరిగ్గా ఇంకుతోంది. సీసాని తన్నిన ఎనిమిది నెలల తువాన్‌తువాన్ తన ప్రతాపానికి తనే మురిసిపోయి కిలకిలా నవ్వాడు.

మామగారు ఛూ గారికి పూలూ పిట్టల సిరాబొమ్మలంటే ప్రాణం. పట్టుమిల్లులో రిటైరైన దగ్గర్నుంచి ఇంటి గోడలన్నీ వాటితోనే నింపేశారు. మనవడి ఫొటో తగిలించడానికి జానెడు గోడ మిగల్లేదు. అన్నిట్లోకీ ఆయనకి గర్వం ఈ బొమ్మంటేనే. ప్లమ్ పూలకొమ్మ మీద ఐదు పిచ్చుకలు. "ఐదు పిచ్చుకలు, ఐదు శుభాలు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంటారు. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. పోయిన ఏడు పనిమనిషి దులపబోతే ఆ పూటే మానిపించేశారు.

ఈ సాయంత్రం నగర చిత్రశాల నుంచి లియాన్ గారు దాన్ని చూడటానికి వస్తున్నారు. నచ్చితే ప్రదర్శనలో పెడతారు, కింద 'ఛూ గారి సేకరణ' అని రాసి. ఆ ఒక్క ముక్క కోసం ముసలాయన నిద్ర మానుకున్నారు. బొమ్మని బల్ల మీద పరిచి, అతిథికి వేడివేడి మాంసం మూన్‌కేకులు తేవాలని క్యూలో నిలబడటానికి వెళ్ళారు. సరిగ్గా ఆ బల్ల చివరే కూర్చుని నూడుల్స్ తినాలని నింగ్యాకి ఎందుకు బుద్ధి పుట్టిందో!

బొమ్మని చుట్టి గొడుగు సంచిలో దూర్చింది. బిడ్డని గుండెకి కట్టుకుని మెట్లు దిగింది. గుమ్మంలో చిక్కుళ్ళు ఒలుస్తున్న అత్తగారు తలెత్తింది.

"ఎక్కడికే?"

"డైపర్లకి, అత్తయ్యా."

అత్తగారు ఎండ వంక చూసింది. గొడుగు సంచి వంక చూసింది.

"వానొచ్చేలా ఉందిలే. వెళ్ళిరా. మీ మామయ్య వస్తే నేను మాటల్లో పెడతా."

ఆ మాటకి ఆగి ఆలోచించే స్థితిలో లేదు నింగ్యా. వంతెన దాటి, కాలువ అవతలి గట్టున ఉన్న యాన్ మాస్టారి ఇంట్లోకి రొప్పుతూ దూసుకుపోయింది. ఆ బొమ్మ వేసింది ఆయనే.

"మాస్టారూ! నన్ను ఇంట్లోంచి గెంటేస్తారు!"

"గెంటినప్పుడు చూద్దాంలే, కూర్చో. ముందు మీవాడి నోట్లోంచి నా కుంచె లాగు." మాస్టారు బొమ్మ విప్పి చూశారు. "ఏం ఒలికింది?"

"సోయాసాస్."

ఆయన వంగి వాసన చూశారు. "చిక్కటిది. మంచి సరుకు. రంగు కలిపే పని తప్పింది."

"నవ్వుతారేంటండీ! తుడిచెయ్యలేరా?"

"ఈ కాయితం మీద తుడవడం ఉండదమ్మాయ్. అది తాగిందంటే తాగిందే. మనం చెయ్యగలిగింది ముక్కు పెట్టడం ఒక్కటే."

కుంచె కొసని సిరాలో ముంచి మరకకి ఒక ముక్కు పెట్టారు. తర్వాత కన్ను, తోక, కాళ్ళు. మరక కాస్తా, అన్నం పెట్టలేదని అలిగి కూర్చున్న బొద్దు పిచ్చుకైపోయింది.

నింగ్యా ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే మళ్ళీ పోయింది. "అయ్యో, ఇప్పుడు ఆరయ్యాయి! మామయ్య అందరి ముందూ ఐదు శుభాలంటూ లెక్కపెడతారు!"

"ఏమీ అనడులే."

"మీకు మామయ్య కోపం సంగతి తెలీదు."

మాస్టారు హెయిర్ డ్రయ్యర్ తీసి పిచ్చుకని ఆరబెట్టడం మొదలుపెట్టారు. "సాయంత్రం నేనూ వస్తున్నాగా. చూద్దాం."

నింగ్యా ఇల్లు చేరేసరికి వీధి గుమ్మంలో అత్తగారు, మూన్‌కేకులు చల్లారిపోయాయంటూ మామగారితో తగువు పెట్టుకుని ఉంది. నింగ్యా వెనక గుమ్మంలోంచి జారుకుని, బొమ్మని ఎప్పటిలా బల్ల మీద పరిచేసింది.

సాయంత్రం అతిథి వచ్చే హడావిడిలో మామగారు సరిగ్గా చూసుకోకుండానే బొమ్మని గోడకెక్కించారు. లియాన్ గారు కళ్ళజోడు సవరించుకున్నారు. మాస్టారు మూల కుర్చీలో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నారు. ఛూ గారు గొంతు సర్దుకుని, కర్రతో చూపించడం మొదలుపెట్టారు.

"చూడండి మేడమ్, ఐదు శుభాలు! ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు..."

కర్ర గాల్లో ఆగింది. నింగ్యా బిడ్డని గట్టిగా హత్తుకుని, పుట్టింటికి ఏ రైలుందా అని ఆలోచించింది.

ఛూ గారు ఆరో పిచ్చుకని చూశారు. పెళ్ళాన్ని చూశారు. ఆవిడ ఇంటి కప్పుని చూసింది.

"...ఆరు," అన్నారు ఛూ గారు నుదురు తుడుచుకుంటూ. "ఐదు శుభాలూ, వాటిని చూడటానికొచ్చిన చుట్టమూ. ఎప్పట్నుంచో ఆరే. కదే?"

"ఆరే," అంది అత్తగారు ఠక్కున.

లియాన్ గారు బొమ్మకి ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళారు. "కొమ్మ మామూలే. ప్రాణమంతా పిచ్చుకల్లోనే ఉంది! ఒక్కొక్కటీ ఒక్కో గోధుమ రంగు, ఎంత సహజంగా కూర్చున్నాయో! ఈ బొద్దుదాన్ని చూస్తుంటే ఎందుకో ఆకలి కూడా వేస్తోంది. తప్పకుండా ప్రదర్శనలో పెడుతున్నాం."

ఛూ గారు చిన్నపిల్లాడిలా గెంతి, చల్లారిన మూన్‌కేకులు అందరి నోళ్ళలోనూ తనే కుక్కారు.

మాస్టార్ని సాగనంపడానికి నింగ్యా గుమ్మం దాకా వెళ్ళింది. "అంత కోపిష్టి మనిషి, ఒక్క మాటా అనలేదేంటండీ? అనరని మీకెలా తెలుసు?"

మాస్టారు చెప్పులు తొడుక్కుని, లోపలికి ఒకసారి తొంగిచూసి, గొంతు తగ్గించారు.

"నేను మీ మామయ్యకి అమ్మింది ఒట్టి పూలకొమ్మేనమ్మాయ్. పిచ్చుకలన్నీ తర్వాత ఒక్కొక్కటిగా మీ ఇంట్లో వాలినవే."