ఎవరి వైపు నుంచి

అమ్మకి, తమ్ముడికి, నాకు చేసిన జన్యుపరీక్ష రిపోర్టు విప్పాను. ఇంట్లో చదవగలిగేది నేనొక్కదాన్నే.

“వీడి రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రొటీన్ సరిగ్గా తయారవడం లేదు నాయనమ్మా. కత్తిరింపు కాగితంలో గీత తప్పితే చొక్కా తప్పినట్టే.”

“ఆ తప్పు గీత ఎవరిదో చదవవే! మా వంశంలో అయితే లేదు” అని నాయనమ్మ గయ్యిమంది.

కుట్టుమిషను దగ్గర అమ్మ తల దించుకుంది. ఆ మార్పు తల్లి నుంచే వచ్చిందని కాగితంలో స్పష్టంగా ఉంది.

“ఎవరిదీ కాదు. వీడిలోనే కొత్తగా పుట్టింది” అన్నాను.

నాయనమ్మ గొణుక్కుంటూ లోపలికెళ్లింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“నా తమ్ముడు కూడా పన్ను పీకించుకుని, నెత్తురు ఆగకే పోయాడే. నా సంగతి నాకెప్పుడో తెలుసు. నీలోనూ ఉందా? ఆ ఒక్కటీ నిజం చెప్పు.”