జోగిపేట నీళ్లు

ఒక్క బాటిల్ నీళ్ల కోసం పటాన్‌చెరు నుంచి జోగిపేట దాకా బండి మీద పోయి రావాలంటే నడుము పడిపోతుంది. పరిశోధనలు చేసేవాళ్లకు నడుములుండవు కాబట్టి ఆ సంగతి తెలియదు.

అహరోను నెలకు రెండు శాంపిళ్లు ల్యాబుకు తేవాలి. ఒకటి ఫ్యాక్టరీ పక్క బోరుది, రెండోది పోల్చి చూడటానికి ఏ ఫ్యాక్టరీ లేని జోగిపేట బోరుది. ఆరు నెలలుగా రెండోదాన్ని ఫ్యాక్టరీ వెనక గల్లీలోని తన ఇంటి బోరు దగ్గరే నింపుతున్నాడు.

పొద్దున్నే సైంటిస్టు దుర్గాదేవి ఫోన్ చేసింది.

"అహరోను గారూ, రెండు నీళ్లకీ తేడా లేదండీ. ఫ్యాక్టరీ తప్పేం లేదని రిపోర్టు రాసేస్తున్నాను."

"మంచిదే గద మేడం."

"మంచేంటండీ! రెండింట్లోనూ ఒకటే విషం. జోగిపేటలో కూడా ఉందంటే నేలలోనే ఉన్నట్టు. ఆ నీళ్లు గేదెలకి కూడా పెట్టొద్దని అక్కడివాళ్లకి చెప్పండి."

"చెప్త మేడం."

భార్య ఎల్సీ వంటింట్లోంచి అడిగింది. "ఏమంటుంది మేడం?"

"జోగిపేట నీళ్లు మంచిగ లేవంట."

"అయ్యో పాపం! మన బోరు తియ్యగున్నది కాబట్టి బతికినం. ఏందయ్యా, గట్ల కూసున్నవ్?"

నిజం చెబితే అహరోను ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఫ్యాక్టరీకి మంచి పేరొస్తుంది. అతనేం చెయ్యాలో మీకు తోస్తే దయచేసి చెప్పండి, మీ కాళ్లు మొక్కుతాం. కొంచెం తొందరగా చెప్పండి. ఎల్సీ అన్నానికి ఎసరు పెట్టేసింది.