మార్చుకున్న ఇంటిపేరు

విలొటియె వుచెటిచ్ చాచిన గోధుమల గిన్నెను ఆ కొత్త మనిషి ముట్టుకోలేదు.

తరతరాలుగా ఇంటిని కాచే సాధువు పండుగనాడు గడప దాటినవాళ్ళు ముందుగా ఒక చెంచా ఉడికించిన గోధుమలు నోట్లో వేసుకుంటారు. ఎంత పొగరుబోతయినా ఆ పని చేశాకే కూర్చుంటాడు.

"ఒక్క చెంచా తీసుకోండి. ఉపవాసపు వంటే, నెయ్యి తగల్లేదు."

"ఇప్పుడు కాదు."

"పోనీ, ఒక గుక్క సారా?"

"ముందు ఫాదరుగారిని రానివ్వండి. నేనొచ్చిన పని ఆయన ఎదుటే జరగాలి."

కోటయినా విప్పకుండా తలుపు పక్కన బల్లమీద కూర్చున్నాడతను.

ఈ పండక్కి పిలుపులుండవు. వచ్చినవాణ్ణి నువ్వెవరని అడగడమూ ఉండదు. నాలుక చివరిదాకా వచ్చిన ప్రశ్నను విలొటియె మింగేశాడు.

"హెర్ట్సెగోవినా నుంచి వస్తున్నాను," అన్నాడు అతనే. "మా పొరుగున వుయాచిచ్‌లని ఉండేవారు. ఇప్పుడా పేరుతో అక్కడ పిల్లపురుగు లేదు."

విలొటియె గిన్నెను బల్లమీద పెట్టేశాడు.

ఈ ఇంట్లో ఎవరూ పైకి అనని పేరది. తాత పోయేముందు అతని చెవిలో మాత్రం చెప్పాడు. గొర్రెల బీడు దగ్గర తగాదాలో ఆయన ఒకణ్ణి పొడిచి చంపాడు. ఇద్దరన్నలతో కలిసి కొండలు దాటి సెర్బియాలోకి పారిపోయి వచ్చాడు. ముగ్గురూ మూడు లోయల్లో, మూడు పేర్లతో దాక్కున్నారు. రక్తానికి రక్తం అడగడానికి ఎప్పటికైనా ఒకడు వస్తాడు, మగపిల్లల్ని కాచుకోరా అన్నాడు తాత. చంపడానికి వచ్చినవాడు ఆ ఇంటి ఉప్పు తినడు అని కూడా అన్నాడు.

"పెద్దవాడి సంతానం వుయిచ్‌లయ్యారు. నడిమివాడి వాళ్ళు కుర్యకొవిచ్‌లు. మీరేమో వుచెటిచ్‌లు. వుక్ అన్నా కుర్యాక్ అన్నా తోడేలే కదండీ!" కొత్త మనిషి నవ్వాడు. "తోడేలు బొచ్చు మార్చుకుంటుంది గానీ బుద్ధి మార్చుకోదని ఊరికే అన్నారా?"

"మీకెవరు చెప్పారు ఇదంతా?"

"మీ సాధువే. పేర్లు మార్చారు గానీ ఆయన్ని మార్చలేదుగా! అలింపియె పండగ చేసే ఇళ్ళు ఎన్నున్నాయి గనక? లోయలన్నీ అడుక్కుంటూ వచ్చాను. ఆ రెండిళ్ళకీ వెళ్ళొచ్చాను."

"వాళ్ళు... బాగున్నారా?"

"మగవాళ్ళెవరూ లేరు. ఆడవాళ్ళు నల్లబట్టల్లో ఉన్నారు."



ఉయ్యాల్లో పసివాడు ఏడ్చాడు. కొత్త మనిషి లేచి వెళ్ళి వాడి మీదికి వంగాడు.

"మగపిల్లాడేనా?"

"మగపిల్లాడే," అంది కోడలు స్తమెనా, రొట్టె తెచ్చి బల్లమీద పెడుతూ.

"బాప్తిస్మం అయిందా?"

"ఇంకా లేదండీ."

"మంచిది. ఇంట్లో వీడొక్కడేనా?"

"వీడొక్కడే. వీళ్ళ నాన్న అడవిలో చెట్టు మీదపడి పోయాడు."

నోర్ముయ్యవే అని అరవబోయాడు విలొటియె. కొడుకు పోయాడు. ఈ గుప్పెడు ప్రాణం కూడా పోతే వంశం బూడిదే.

"ఫాదరుగారు అవతలి ఒడ్డున మిల్లువాళ్ళింట్లో ఉంటారు," అన్నాడు చివరికి. "సారా మొదలైందంటే ఓ పట్టాన కదలరు. మీరే వెళ్ళి లాక్కురండి."

"దారెటు?"

"వంతెన చుట్టు. ఏరు గడ్డకట్టేసింది, తిన్నగా నడిచిపొండి."

స్తమెనా ఉలిక్కిపడింది. పొద్దున బాల్చీ అంచుతో ఆ మంచును పగలగొట్టే ఆమె నీళ్ళు తెచ్చింది.

"మావయ్యా, ఆ మంచు..."

"నువ్వెళ్ళి చేపలు చూడు. మాడిపోతున్నాయి."

కొత్త మనిషి టోపీ పెట్టుకున్నాడు. "మీ మేలు మరిచిపోను," అని బయలుదేరాడు.

విలొటియె కిటికీ దగ్గర నిలబడ్డాడు. మనిషి ఏటి నడిమిదాకా కనిపించాడు. అంతలో పొగమంచు అడ్డొచ్చింది. అది తొలిగాక చూస్తే అక్కడ ఎవరూ లేరు. కేకయినా వినపడలేదు.

విలొటియె సిలువ గుర్తు వేసుకున్నాడు. పాపం చేశానని తెలుసు. అయినా ప్రాణం కుదుటపడింది. మనిషి బుద్ధి అంతే.

కాసేపటికి వంతెన దారిన ఫాదర్ గవ్రిలో వచ్చాడు, బూట్ల మంచు దులుపుకుంటూ.

"ఏడయ్యా మీ చుట్టం? ఏమన్నా పెట్టారా? పెట్టినా తినడులే, మొండిఘటం."

"మీకు... తెలుసా?"

"రాత్రి మా ఇంట్లోనే పడుకున్నాడు. పగ ఉన్న ఇంట్లో, క్షమించానని ఫాదరు ఎదుట అనేదాకా ముద్ద ముట్టకూడదట. వాళ్ళ కట్టుబాటు. ఆ రెండిళ్ళ మగవాళ్ళనీ యుద్ధం మింగేసిందట. ముందే రాలేకపోయానని ఒకటే ఏడుపు, పాపం."

విలొటియె కిటికీలోంచి ఏటివైపు చూశాడు.

"అసలు ఆయనెవరు ఫాదర్?" అంది స్తమెనా, పాలిపోయిన మొహంతో.

"మీ మావగారి తాత చంపినవాడి మనవడమ్మా. నీ బిడ్డ బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలబడి, ఆ రక్తం ఇంతటితో చెల్లిపోయిందని చెప్పడానికి వచ్చాడు. చచ్చినవాడి ఇంట్లో ఆ మాట చెప్పడానికి మిగిలింది ఆయనొక్కడే."