మూడో కప్పు

ఆ చైనావాడు ఆ రోజు కూడా రెండో కప్పు తాగి లేచాడు.

యెషికి ఒళ్ళు మండింది.

ఇథియోపియాలో కాఫీ అంటే మూడు కప్పులు. మూడోది దీవెన. అది తాగకుండా లేవడమంటే కాచిన చేతిని అవమానించడమే. కొత్త రైలు పట్టాల పక్కన ఆమె కాఫీ పాక వేసినప్పటి నుంచీ అలా లేచిపోయేది వీడొక్కడే.

"మన కాఫీ గింజలు పట్టుకుపోతారు, ప్లాస్టిక్ బకెట్లు పంపుతారు. వాళ్ళకి దీవెనలెందుకులే అక్కా," అని ఓ లారీ డ్రైవరు ఎకసెక్కమాడాడు. పాకలో అందరూ నవ్వారు.

యెషి నవ్వలేదు. వెళ్ళి అతని చెయ్యి పట్టుకుంది.

"కూర్చో అన్నా. ఇవాళ మూడోది తాగందే కదలనివ్వను."

అతను పట్టాల వంపు వైపు చూపించాడు. వచ్చిన భాష నాలుగు ముక్కలే. "రైలు... నేను పోవాలి."

"మీ రైలేగా, ఎక్కడికి పోతుందిలే."

ఆమె నొచ్చుకుందని అతనికి తెలిసినట్టుంది. కూర్చున్నాడు.

యెషి మట్టి కూజాలో మళ్ళీ నీళ్ళు పోసి నిప్పుల మీద పెట్టింది. అది మరిగినంతసేపూ అతను పట్టాల వంకే చూస్తున్నాడు. తీరా కప్పులో పోస్తుండగా చటుక్కున లేచి పరుగు తీశాడు. కాఫీ ఒలికిపోయింది. యెషి నోటికొచ్చినట్టు తిట్టింది.

ఈ కరెంటు రైలు పాతదానిలా బుసకొడుతూ రాదు. మీదికొచ్చాకే తెలుస్తుంది.

కేకలు విని ఆమె వంపు దగ్గరికి వెళ్ళేసరికి, రోజూ ఆవుల్ని ఆ దారినే తోలుకొచ్చే, చెవుడున్న ఆమె భర్త గెటాహున్ పట్టాల పక్కన దుమ్ములో కూలబడి ఉన్నాడు. ఆవులన్నీ అవతలి గట్టున ఉన్నాయి. చైనావాడి మీద ఎవరో తెల్ల దుప్పటి కప్పారు.

"రోజూ ఈ వేళకి ఇక్కడ నిలబడి, చెయ్యెత్తి నన్ను ఆపేవాడే," అని గెటాహున్ ఏడ్చాడు. "రైలు కంపెనీ కాపలా మనిషి కదా, ఇవాళ లేడంటే రైలు వెళ్ళిపోయిందనుకున్నా. ఎక్కడి నుంచి వచ్చాడో, నన్ను అవతలికి తోసేసి..."

యెషి వెనక్కి తిరిగి పాక వంక చూసింది. అతన్ని అక్కడ కూర్చోబెట్టింది తనే. ఆ మాట ఇక ఎవరితో చెప్పుకుంటుంది?

సాయంత్రం కంపెనీ వాళ్ళు శవం కోసం వచ్చారు. యెషి మూడో కప్పు తెచ్చి అతని తల దగ్గర పెట్టింది. పేరు కూడా ఏనాడూ అడగలేదు.

"రేపటి నుంచి ఇక్కడ కాపలాకి ఎవరొస్తారయ్యా?" అని వాళ్ళ దుబాసీని అడిగింది.

"ఇక్కడ కాపలా ఉద్యోగమే లేదమ్మా," అన్నాడతను. "ఈయన మా క్యాంపులో వంటాయన."